సున్నం కాక కుడిచెయ్యి

ఎవరైనా మేడ మీది సోలార్ పలకల్ని చూపించి, "ఎండలోంచి కరెంటండీ, పొగ లేదు, మురికి లేదు" అని మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మురికి లేకపోవడమేమిటి, నా మొహం! ఆ మురికి పక్కనే కదా నేను ఆరేళ్ళు కూర్చుని అన్నం తిన్నాను. ఆ పలకల్లోని నీలపు బిళ్ళలు అంత నున్నగా తయారవ్వాలంటే వాటిని ఆసిడ్‌లో ముంచాలి, కడగాలి, మళ్ళీ ముంచాలి, మళ్ళీ కడగాలి. కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయో ఎవరూ అడగరు. గోడ అవతల మా షెడ్డుకి వచ్చేవి.

అప్పటికింకా రాష్ట్రం ఒక్కటే. మాది సీతాఫల్‌మండి. నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా, అమ్మ మిషన్ బడిలో టీచరు. ఇద్దరూ పెళ్ళయిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, అల్వాల్ దాటాక ఉన్న, ఆ బిళ్ళలు తయారుచేసే ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేరాను. కెమిస్టు అనగానే చుట్టాలంతా తెల్లకోటు ఊహించుకున్నారు. తెల్లకోట్లు, టోపీలు, ఏసీ అన్నీ బిళ్ళలు తయారుచేసే భవనంలో. మాది రేకుల షెడ్డు. క్యాంటీన్లో వాళ్ళు మమ్మల్ని "డ్రైనేజీ బ్యాచ్" అనేవాళ్ళు. ఒకసారి ఒకడు నా మొహం మీదే అంటే, "నువ్వు ముంచిందే బాబూ, నేను కడుగుతున్నది" అన్నాను. ఆ తర్వాత నా ఎదురుగా అనడం మానేశారు.

మా పని చెప్పుకోడానికి ఏమంత గొప్పది కాదు. వచ్చే నీళ్ళలో హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ ఉంటుంది. దాన్ని పెద్ద తొట్టెలోకి తీసుకుని సున్నం పాలు పొయ్యాలి. సున్నం తగలగానే నీళ్ళు పాలవిరుగుడులా తెల్లబడతాయి. ఆ తెలుపు అడుగుకి దిగాక దాన్ని పిండి, గట్టి పలకలు చేసి, సంచులకెత్తి, విషపు చెత్త పాతిపెట్టే చోటికి లారీలో పంపాలి. పైన తేరిన నీటిలో ఫ్లోరైడు ఎంత మిగిలిందో నేను కొలిచి, సరిపోతే సంతకం పెడితేనే నీళ్ళు గేటు దాటాలి. నల్గొండ వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి వంకర్లు పోయిన కాళ్ళని చిన్నప్పుడు అమ్మ వెంట సేవా కార్యక్రమానికి వెళ్ళినప్పుడు చూశాను. అందుకని ఆ సంతకం విషయంలో నేను ఎవరి మాటా వినేదాన్ని కాదు.

సున్నం కలిపే పని ఒక పెద్దాయనది. అందరూ ఆయన్ని సున్నం కాక అనేవాళ్ళు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా, నోట్లో ఎప్పుడూ పాన్. అంతకుముందు ముప్పై ఏళ్ళు రాంగోపాల్‌పేట్‌లో ఇళ్ళకి సున్నాలు వేశాడు. దసరా వస్తోందంటే ఆయన కోసం ఇళ్ళవాళ్ళు ముందే చెప్పి ఉంచుకునేవాళ్ళట. తర్వాత డబ్బాల రంగులొచ్చాయి, సున్నం వేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. సున్నం తెలిసిన మనిషి కావాలని ఫ్యాక్టరీ కాంట్రాక్టరు వెతుకుతుంటే ఈయన దొరికాడు.

చేరిన కొత్తలో నేను చదివిన చదువంతా చూపిద్దామని, సున్నం ఏ పాళ్ళలో కలపాలో ఆయనకి చెప్పబోయాను. ఆయన పాన్ ఒక బుగ్గనుంచి ఇంకో బుగ్గకి మార్చాడు.

"సున్నం గురించి నువ్వు నాకు జెప్తవా బిడ్డా? నువ్వు పుట్టకముందుకెల్లి కలుపుతున్న."

ఫ్యాక్టరీలో అందరూ నన్ను మేడం అంటే, ఆయనొక్కడే బిడ్డా అన్నాడు. నాకు రోషం వచ్చింది, వెంటనే పోయింది కూడా. ఎందుకంటే ఆయన తొట్టె వైపు చూసి, "ఇంకొక సగం బకీటు పడ్తది" అంటే, నా లిట్మస్ కాగితం ముక్క ముంచి చూస్తే సరిగ్గా సగం బకెట్టే పట్టేది. నెలంతా పరీక్ష పెట్టాను. ఒక్కసారైనా తప్పుతాడేమో అని దొంగచూపులు చూశాను. తప్పలేదు మహానుభావుడు. ఆ కుడిచెయ్యి సున్నంలో నాని నాని, అరచెయ్యంతా పగుళ్ళు తేలి ఉండేది. వేళ్ళ మధ్య సున్నప్పాలు రాసి చూసి, "గిది పాత సున్నం, జోరు లేదు" అనేసేవాడు. నేను అరగంట పరీక్షించి అదే రాసేదాన్ని.

మధ్యాహ్నం నా టిఫిన్‌లోంచి గోంగూర పచ్చడి తీసుకుని కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. "ఏందీ, మీ ఆంధ్రోళ్ళు మనుషుల్ని సంపనీకే చేస్తరా గిది?" అనేవాడు. "అయితే పెట్టండి కాకా ఇటు" అంటే ఇచ్చేవాడు కాదు. బయట రోడ్ల మీద బంద్‌లు, రాస్తారోకోలు జరుగుతున్న రోజులు. మా షెడ్డులో మాత్రం పచ్చడి మీదే పోట్లాటలు.

ఆ ఆసిడ్ సంగతి ఒకటి చెప్పాలి. మామూలు ఆసిడ్ పడితే చుర్రుమంటుంది, మనిషి గెంతుతాడు, కడుక్కుంటాడు. ఇది అలా కాదు. పల్చగా ఉన్నప్పుడు పడితే నీళ్ళు పడ్డట్టే ఉంటుంది. మంట ఉండదు. చర్మంలోంచి మెల్లగా లోపలికి దిగి, ఎముకలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. గంటల తర్వాత నొప్పి మొదలవుతుంది. అప్పటికి పని జరిగిపోయి ఉంటుంది. దానికి కాల్షియం కలిపిన జెల్ ఒకటి ఉంది, ట్యూబులో వస్తుంది. వెంటనే చాలాసేపు నీళ్ళ కింద పెట్టి కడిగి, ఆ జెల్ రాస్తూనే ఆసుపత్రికి పోవాలి.

కొత్తగా చేరినవాళ్ళకి ఇదంతా నేనే చెప్పేదాన్ని. చెప్పడం కంటే చూపిస్తే ఎక్కుతుందని ఒక ప్లాస్టిక్ మగ్గులో ఆసిడ్ నీళ్ళు తీసుకుని, కాగితం ముంచి, అది ఎర్రబడడం చూపించేదాన్ని. తర్వాత సున్నప్పాలు పోసి, బుస్సున తెల్లబడ్డాక మళ్ళీ కాగితం ముంచి, "చూశారా, చచ్చింది" అనేదాన్ని. కాక ముందువరసలో కూర్చుని, తన సున్నం గెలిచినందుకు అందరి వైపూ గర్వంగా చూసేవాడు. ఒంటి మీద పడితే నీళ్ళతో కడుక్కుని నా దగ్గరికి రమ్మని కూడా చెప్పాను. చెప్పాను, నిజమే. ఆ మాటతోనే చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను. కానీ కళ్ళకి చూపించింది సున్నాన్ని. ట్యూబుని చూపించలేదు.

ఎందుకంటే అది నా టేబుల్ సొరుగులో తాళం కింద ఉంది.

స్టోర్స్ వాళ్ళతో నెలల తరబడి కొట్లాడితే మా షెడ్డుకి రెండు ట్యూబులు వచ్చాయి. గోడకి ఉన్న ప్రథమ చికిత్స ఎర్రపెట్టెలో పెట్టాను. పది రోజులకి ఒకటి మాయం. ఎవరో పుణ్యాత్ముడు కాళ్ళ పగుళ్ళకి పట్టుకుపోయాడని తర్వాత తెలిసింది. షెడ్డు అదిరేలా అరిచాను. పైగా విదేశీ కొనుగోలుదార్లు తనిఖీకి వస్తున్నారు, పెట్టెలో ట్యూబు లేకపోతే మాట వస్తుందని మేనేజరు గోల. అందుకని మిగిలిన దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను. తనిఖీ రోజున తీసి పెట్టెలో పెట్టాను. వాళ్ళు చూశారు, ఫోటో తీసుకున్నారు, తల ఊపారు. సాయంత్రం మళ్ళీ సొరుగులోకి. మనిళ్ళల్లో మంచి కప్పులు అద్దాల బీరువాలో పెట్టి చుట్టాలొస్తేనే తీస్తామే, అలాగ. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉండేది. చాలా జాగ్రత్తగల మనిషినని నా గురించి నాకు గొప్ప అభిప్రాయం.

అది ఆదివారం. ఫ్యాక్టరీకి సెలవుల్లేవు, నాకుంది. అమ్మతో కలిసి గుడికి వెళ్ళాను. మాకు చర్చి అంటే గుడే. ఫోన్ ఆపి బ్యాగ్‌లో, తాళంచెవి పక్కనే వేశాను.

ఆ పొద్దున జరిగింది నాకు తర్వాత తెలిసింది. ఆసిడ్ నీళ్ళు వచ్చే గొట్టం అతుకు దగ్గర కారుతోందని కాక స్పానర్ పెట్టి బిగించాడు. కుడిచేతి గ్లవ్‌కి చిన్న చిల్లు ఉంది. బిగించి గ్లవ్ తీస్తే మూడు వేళ్ళు తడిగా ఉన్నాయి. మంట లేదు. ఆయన ఏమాత్రం పరేషాన్ కాలేదు. సున్నప్పాల బకెట్లో చెయ్యి మణికట్టు దాకా ముంచి, ఒక పాన్ నమిలేంత సేపు ఉంచాడు. ఆయన చిన్నప్పటినుంచి తేనెటీగ కుట్టినా, కందిరీగ కుట్టినా రాసుకుంది సున్నమే. ఇక్కడ తొట్టెడు ఆసిడ్‌ని రోజూ తన చేత్తోనే సున్నంతో చంపుతున్నాడు. వేలికంటిన నాలుగు చుక్కలు ఒక లెక్కా? చెయ్యి తీసి తువ్వాలుకి తుడుచుకుని పనిలో పడ్డాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది, మందు వేసుకున్నాడు కదా.

పదకొండింటికి నొప్పి షురూ అయింది. ఓర్చుకున్నాడు. మరికాసేపటికి, సున్నం బస్తా భుజాన వేసుకుని నడిచే మనిషి, ఆ చేతిని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని నేల మీద కూలబడి "అవ్వా, అవ్వా" అని ఏడ్చాడు. షిఫ్ట్ ఇన్‌చార్జి పరుగెత్తి ఎర్రపెట్టె తెరిస్తే ఖాళీ. బిళ్ళల భవనంలోని ట్యూబుకి గడువు దాటిందని పారేశారు, కొత్తది ఇంకా తెప్పించలేదు. అది తెప్పించాల్సింది ఈ ఇన్‌చార్జే. నాకు ఫోన్ మీద ఫోన్ చేశాడు.

ఆ టైములో నేను గొంతెత్తి పాట పాడుతున్నాను.

ఆరాధన అయ్యాక కూడా వెంటనే ఫోన్ తెరవలేదు. గుడి మెట్ల దగ్గర నిలబడి ఎవరి పెళ్ళిలోనో బిరియానీ ఉడకలేదని నవ్వుకుంటున్నాం. తెరిస్తే తొమ్మిది ఫోన్లు. చేశాను.

"మేడం, ఆ ట్యూబు ఎక్కడుంది?" అన్నాడు ఇన్‌చార్జి.

"నా సొరుగులో. పగలగొట్టండి."

"ఇంకేం పగలగొడతాం మేడం, కాకని తీసుకుని వచ్చేశాం. దారిలో ఒక చిన్న క్లినిక్‌లో కాలినదానికి రాసే మందు రాసి పంపారు. ఇప్పుడు సికింద్రాబాద్‌లో పెద్దాసుపత్రి ముందున్నాం."

అమ్మని అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. ఏ ఆసిడో డాక్టరుకి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన ఇంకెవరికో ఫోన్ చేసి కనుక్కుని వేళ్ళలోకి కాల్షియం ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. అప్పటికే మూడు వేళ్ళు బూడిదరంగుకి తిరిగాయి. తర్వాత నల్లబడ్డాయి. మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెనవేలు తీసేశారు.

నేను డాక్టరుని వరండాలో ఆపి అడిగాను. సున్నం ఏమైనా మేలు చేసిందా అని. "ఏమీ చెయ్యలేదు. పైగా సున్నం పెట్టుకున్నానన్న ధీమాతో నీళ్ళ కింద కూడా పెట్టలేదు. మొదటి గంటలో కడిగి ఆ జెల్ రాసుంటే వేళ్ళు దక్కేవేమో" అన్నాడు. ఆ "ఏమో" ఆయన మర్యాదకి అన్నాడని నాకు తెలుసు.

వార్డులోకి వెళితే కాక మేలుకునే ఉన్నాడు. తలవైపు ఆయన భార్య నిలబడి ఉంది. చేతికి కట్టు, తలగడంత లావున. నన్ను చూసి లేవబోయాడు.

"నువ్వు జూపిచ్చినట్టే జేసిన బిడ్డా. ఎంటనే సున్నంల పెట్టిన. జెర సేపే పెట్టిన, గదే తప్పయింది. పెట్టకుంటే చెయ్యంత పోతుండె, గాదా?"

ఆయన భార్య కూడా నా మొహమే చూస్తోంది, నేనేం చెబుతానా అని. ఆ ఒక్క క్షణంలో చెప్పి ఉండాల్సింది. సొరుగు, తాళం, పాట, బిరియానీ, అన్నీ.

"అవును కాకా" అన్నాను.

ఆ పెద్దమనిషి తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. ఛీ, ఎంత సిగ్గులేని మాట అన్నానో నాకు అప్పుడే తెలుసు.

తర్వాత రిపోర్టు రాశారు. కార్మికుడు గాయం సంగతి ఆలస్యంగా చెప్పాడు, సొంత వైద్యం చేసుకున్నాడు అని. ఇన్‌చార్జి కాగితం నా ముందుకి జరిపి, నా కళ్ళలోకి చూశాడు. నా సొరుగు సంగతి ఆయనకి తెలుసు, ఆయన తెప్పించని ట్యూబు సంగతి నాకు తెలుసు. పెన్ను తీసి సంతకం పెట్టాను. నీళ్ళ మీద సంతకానికి అంత నిక్కచ్చిగా ఉండే దాన్ని, మనిషి మీద సంతకం ఇట్టే పెట్టేశాను.

అమ్మ రోజూ కాక కోసం ప్రార్థన చేసేది. ఆయన ఇంటికి చేరాక, "దేవుడు ప్రాణం నిలబెట్టాడు, గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పు" అంది. మాలో అది ఆనవాయితీ. మేలు జరిగినవాళ్ళు లేచి, జరిగింది జరిగినట్టు అందరి ముందూ చెబుతారు. తప్పించుకోలేక లేచాను. ఆసిడ్ గురించి చెప్పాను, నొప్పి గురించి చెప్పాను, డాక్టరు గురించి చెప్పాను. సొరుగు గురించి చెప్పలేదు. అందరూ ఆమెన్ అన్నారు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను కూర్చుని బైబిలు మీద చేతులు పెట్టుకుంటే, నా పదివేళ్ళూ నాకే అసహ్యంగా కనబడ్డాయి.

వానలు తగ్గాక కాక పనిలోకి వచ్చాడు. మిగిలిన బొటనవేలు, చూపుడువేలుతో తమలపాకుకి సున్నం రాసుకోవడం నేర్చుకున్నాడు. బస్తాలు ఎత్తలేడు కనక, కలిపేవాళ్ళకి చెప్పే పనిలో పెట్టారు. "తక్లీఫ్ ఏం లేదు బిడ్డా" అనేవాడు నేను అడక్కపోయినా. గోంగూర మాత్రం ఎడంచేత్తో తీసుకునేవాడు. నేను రోజూ తెచ్చేదాన్ని, నా మొహానికి అదే ప్రాయశ్చిత్తం అన్నట్టు.

ఆ నెలలోనే కాంట్రాక్టు మీద పన్నెండుమంది కొత్తవాళ్ళు వచ్చారు. నేను ల్యాబ్‌లోంచి మగ్గు, కాగితాలు పట్టుకుని వచ్చేసరికి, కాక అప్పటికే పాఠం మొదలుపెట్టాడు. బకెట్ ముందు నిలబడి ఆ రెండువేళ్ళ చెయ్యి పైకెత్తి చూపిస్తున్నాడు.

"జూసిన్రా? ఆసిడ్ పడ్డదంటే ఎవ్వల్ని పిలవద్దు, ఉరకద్దు. ఎంటనే గిట్ల సున్నంల ముంచాలె. నేను జెర సేపే పెట్టిన గాబట్టి మూడు పోయినయి. మీరు మంచిగ సేపు పెట్టుండ్రి, ఒక్కటి సుత పోదు. మా బిడ్డ జెప్పింది. పెద్ద చదువు సదివింది."

పన్నెండుమందీ బుద్ధిగా తలలూపారు. ఒకతను తన చేతుల్ని తిప్పి చూసుకున్నాడు. పాతికేళ్ళుంటాయేమో, వేలికి కొత్త పెళ్ళి ఉంగరం.

నా చేతిలో మగ్గు కింద పెట్టేశాను. ఆ తలలు అలా ఊగడం చూశాక ఇంక నా వల్ల కాలేదు.

"కాదు" అన్నాను. "సున్నం పెట్టకండి. ఒంటి మీద సున్నం పనిచెయ్యదు. కాకకీ చెయ్యలేదు. వెంటనే నీళ్ళ కింద పెట్టి, అరిచి అందర్నీ పిలవాలి. దీనికి మందు వేరే ఉంది, ట్యూబులో. ఆ రోజు కూడా ఉంది."

ఇన్‌చార్జి గుమ్మంలోంచి "మేడం" అని హెచ్చరికగా అన్నాడు. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ జన్మలో చెప్పలేనని తెలుసు.

"నా సొరుగులో ఉంది. తాళం వేసి ఉంది. తనిఖీవాళ్ళకి చూపించడానికి దాచాను. పెట్టెలో ఉంటే కాక వేళ్ళు మిగిలేవి. ఆసుపత్రిలో కాక అడిగితే అబద్ధం చెప్పాను."

కాక చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. మెల్లగా దింపాడు. కోపం వస్తుందనుకున్నాను, తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"తాళంచెవి ఏడుండె?" అన్నాడు.

"నా బ్యాగులో కాకా. గుడిలో."

తల ఊపాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, తన టిఫిన్ డబ్బా తీసుకుని బయటికి నడిచాడు. ఆ రోజు మళ్ళీ రాలేదు. నేను మేనేజరు దగ్గరికి వెళ్ళి రిపోర్టు మార్చమన్నాను. "అయిపోయినదాన్ని ఎందుకు కెలుకుతారు?" అన్నాడు. కెలికాను, రాసిచ్చాను కూడా. నేను రాసిచ్చింది ఏ ఫైలులో పడేశారో, పాత కాగితమే చెల్లింది.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి కాక నా టేబుల్ పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో బైండింగ్ వైరు. సొరుగు వైపు చూపించాడు. తాళం తీసి ట్యూబు ఇచ్చాను. తీసుకుని సున్నం తొట్టె దగ్గరికి వెళ్ళి, స్తంభానికి, చెయ్యి అందే ఎత్తులో, రెండు వేళ్ళతోనే వైరు తిప్పి తిప్పి కట్టాడు. సాయం చేద్దామని పట్టుకోబోతే భుజం అడ్డం పెట్టాడు. దానికి పెట్టె లేదు, మూత లేదు, తాళం లేదు. కొత్తవాళ్ళని ఒక్కొక్కర్నీ పిలిచి చూపించాడు. ఉంగరం అతన్ని రెండుసార్లు.

తర్వాత స్టోర్ రిజిస్టర్ తెచ్చి నా ముందు తెరిచాడు. ట్యూబు సొరుగులోంచి షెడ్డుకి మారినట్టు రాయాలి కదా.

"సంతకం పెట్టుండ్రి, మేడం" అన్నాడు.

పెట్టాను. ఆ తర్వాత రెండేళ్ళు అదే షెడ్డులో కలిసి పనిచేశాం. సున్నం ఎంత పట్టింది, నీళ్ళు తేరాయా లేదా, రోజూ మాట్లాడుకున్నాం. గోంగూర నేను తేవడం మానలేదు, ఆయన తీసుకోలేదు. మళ్ళీ ఎప్పుడూ నన్ను బిడ్డా అనలేదు.